రెండు వేళ్ళ మొగ్గు

కోడికి బుట్టెడు వెల్లుల్లి. గొర్రె తొడకి బుట్టెడు వెల్లుల్లీ, ఆపైన గంపెడు ఉల్లిపాయలూ. పంది భుజానికి ఆ రెండూ ముగించి, వంటగదిలో కత్తులన్నీ సానరాయి మీద ఆడించి, గ్లాసెడు నీళ్ళు తాగి లేవాలి. బాతుకి మాత్రం లెక్కంటూ లేదు. "బాతు చుట్టం లాంటిది, ఎప్పుడు లేస్తుందో దానికే తెలియాలి" అనేది నిప్పులమ్మ.

ఆ హోటల్లో మాంసం కాలడానికి లెక్కలివే. ఇటుక పొయ్యిలో కట్టెలు రాజేసి, నిప్పులు పక్కలకి తోసి, మాంసం లోపల పెట్టి ఇనప తలుపు మూసేది. పొయ్యి ముందు పీట వేసుకుని, ఒళ్ళో బుట్ట పెట్టుకుని వెల్లుల్లి ఒలుస్తూ కూర్చునేది. ఆఖరి రెబ్బ గిన్నెలో పడగానే లేచి తలుపు తీస్తే కోళ్ళు సరిగ్గా అయి ఉండేవి. గోడకి గడియారం ఉంది, బాగానే నడుస్తుంది. కానీ దానికి ఆమె వీపు పెట్టి కూర్చునేది. "దానికి చలి తెలుసా, పచ్చికట్టె తెలుసా? చలికి పొయ్యి నెమ్మదిస్తే నా చేతులూ నెమ్మదిస్తాయి. పొయ్యీ నేనూ ఒకటే చలిలో ఉంటాం" అని వాదించేది. ఆ వాదనకి ఎదురు చెప్పినవాళ్ళు లేరు, ఎందుకంటే పళ్ళెంలోకి వచ్చిన మాంసం ఆమె వైపే సాక్ష్యం చెప్పేది.

ఎదురుగా ఉన్న ఇనుప కార్ఖానాలో కూత కూయగానే పనివాళ్ళు వచ్చి ముందు గదిలో బల్లల మీద కూలబడేవాళ్ళు. "అయిందా నిప్పులమ్మా?" అని అరిచేవాళ్ళు. లోపల్నుంచి ఆమె ఏదో అనేది. 'కాలేదు' అందో, 'కాల్లేదు' అందో ముందు గదిలోవాళ్ళకి తెలిసేది కాదు. ఎలా విన్నా కూర్చోవలసిందేనని, వంటగదిలో సాయంగా ఉండే కోడలితో చెప్పి నవ్వేది.

ఆ సోమవారం కోడి పీచుపీచుగా వచ్చింది.

లేతు మిషను మీద పనిచేసే ఒకతను రొమ్ము ముక్క చేత్తో పట్టుకుని వంటగది గుమ్మం దాకా వచ్చాడు. "ఇది కోడా నిప్పులమ్మా, కొబ్బరి పీచా? గిన్నెలు తోముకోడానికి పనికొస్తుంది" అన్నాడు. వెనకాల నలుగురు నవ్వారు. ఆమె ముక్క అందుకుని నోట్లో వేసుకుంది. నమిలింది, నమిలింది, చివరికి నీళ్ళతో మింగింది.

మంగళవారం గొర్రె తొడలు అంతకన్నా అన్యాయంగా వచ్చాయి. పైన చెక్కు కట్టి, లోపల రసమన్నది లేకుండా ఎండిపోయాయి. కత్తి పెడితే కర్ర చెక్కినట్టు పొడి రాలింది. సగం పళ్ళేలు సగం తిని వదిలేసినవే తిరిగొచ్చాయి. వాటిని తోముతున్న కోడలు తల ఎత్తలేదు. ఆ మర్యాద నిప్పులమ్మకి ఇంకా బాధ కలిగించింది.

హోటలు ఓనరు వంటగదిలోకి రావడం అరుదు. వయసులో చిన్నవాడు, ఆమె చేతి ముద్దలు తిని పెరిగినవాడు. ఆ రోజు వచ్చి పొయ్యి పక్కన నిలబడ్డాడు.

"పెద్దమ్మా, పొయ్యిలో ఏమైనా తేడా వచ్చిందేమో ఒకసారి చూడకూడదూ? ఇటుకలేవైనా కదిలాయేమో."

"పొయ్యిలో ఏ తేడా లేదు బాబూ."

"మరి?"

"పొయ్యి నాది. మాంసం మొగ్గు తాతది. నా పొయ్యి తప్పదు."

ఆ మాట నోట్లోంచి వచ్చేదాకా ఆమె తాత గురించి ఆలోచించనేలేదు. వచ్చాక మాత్రం అదే నిజంలా తోచింది. ముసలి జీవాల మాంసమైతే ఎండిపోక ఏమవుతుంది? ఆమె మనసు చల్లబడింది. తప్పు ఎక్కడో ఒకచోట ఉందని తేలితే, అది తనది కాదని తేలితే ఎవరికైనా చల్లబడుతుంది.

మొగ్గు తాత రెండు వీధుల అవతల మాంసం కొట్టు నడుపుతాడు. తక్కెడ ముల్లు సమంగా నిలిచాక కూడా ఇంకో చిన్న ముక్క వేసి, కొనేవాళ్ళ వైపు పళ్ళెం కాస్త కిందికి దిగేలా తూచడం ఆయన అలవాటు. ఆ మొగ్గే ఆయన పేరైపోయింది. ఆదివారం నుంచీ జ్వరంతో మంచంలో ఉంటే అల్లుడే కొట్టు చూసుకుంటూ హోటలుకి మాంసం తెచ్చిపడేస్తున్నాడు. "మంచాన పడ్డా బుద్ధి మంచాన పడకూడదు కదా" అని నిప్పులమ్మ ఆ సాయంత్రమంతా సణిగింది.

మాట రెండు వీధులు దాటడానికి ఎంతసేపు? మర్నాడు పొద్దున్నే తాత వచ్చాడు, దుప్పటి కప్పుకుని, అల్లుడి భుజం పట్టుకుని. వంటగది వెనక గుమ్మంలో ఆగి, "చెల్లెమ్మా, నిన్న మిగిలిన ముక్క ఏమైనా ఉందా?" అని అడిగాడు.

ఆమె తొడ ముక్క ఒకటి తెచ్చి ఆయన ముందు బల్ల మీద కొట్టినట్టు పెట్టింది. ముందు గదిలోంచి ఓనరూ, టీ తాగడానికి వచ్చిన ఇద్దరు కార్ఖానా వాళ్ళూ చూస్తున్నారు. వాళ్ళు చూస్తున్నారని తెలిసే ఆమె గొంతు పెంచింది.

"వయసు పైబడితే కొట్టు మూసుకోవాలి, అన్నా. అంతేగానీ చావడానికి సిద్ధంగా ఉన్న జీవాల్ని తెచ్చి మా మీదకి తోలకూడదు. ఇన్నేళ్ళ నమ్మకం, ఒక్క వారంలో గంగలో కలిపావు."

అల్లుడి మొహం ఎర్రబడింది. "అత్తా, మాట మర్యాదగా..." అని ముందుకి రాబోయాడు. తాత అతని భుజం మీది చెయ్యి బిగించాడు. మాంసాన్ని బొటనవేలితో నొక్కి చూశాడు. కోసిన చోట మందం ఎంతుందో వేళ్ళు ఆనించి చూసి, అల్లుడి వైపు తిరిగాడు. ఆ తర్వాత ఆయన చూపు పీట పక్కనున్న వెల్లుల్లి బుట్ట మీదకీ, అక్కణ్ణుంచి ఆమె చేతుల మీదకీ వెళ్ళింది. అక్కడ కాసేపు ఆగింది.

"నిజమే చెల్లెమ్మా. తేడా మా దగ్గరే వచ్చింది" అన్నాడు. ఓనరు వైపు తిరిగి చేతులు జోడించాడు. "ఈ ఒక్కసారికి మన్నించు బాబూ. రేపట్నుంచి నేనే కోస్తాను."

ఓనరు ఇబ్బందిగా తల గోక్కున్నాడు. మాంసం చల్లగదిలో నిలవ పెట్టి అమ్మే కొత్త కొట్టువాళ్ళు వ్యాపారం కోసం చాలా రోజులుగా అతని చుట్టూ తిరుగుతున్నారు. "ఇప్పటికే వాళ్ళకి మాటిచ్చేశాను తాతా. చూద్దాంలే" అన్నాడు. ఆ 'చూద్దాంలే' అర్థమేమిటో అక్కడున్న అందరికీ తెలుసు. ఆ హోటలు పోతే తాత కొట్టులో సగం పోయినట్టేనని కూడా తెలుసు.

తాత ఎలా వచ్చాడో అలాగే వెళ్ళిపోయాడు. నిప్పులమ్మ నెగ్గింది. నెగ్గినవాళ్ళకి ఉండవలసిన సంతోషం మాత్రం కలగలేదు. నిజంగా తప్పు చేసినవాడు అంత తేలిగ్గా ఒప్పుకోడే అన్న సందేహం ఒకటి, పంటి సందులో పీచులా, రోజంతా ఆమెని వదల్లేదు.

చల్లగది కొట్టు మాంసం గురువారం వచ్చింది. అన్నీ ఒకే సైజు, ఒకే బరువు. కోళ్ళు బడిపిల్లల్లా వరసగా ఉన్నాయి. నిప్పులమ్మ తొడ గిల్లి చూసి, చర్మం లాగి చూసి, "ఇదీ లేత కోడంటే" అని అందరికీ వినబడేలా చెప్పింది. ఉప్పూ కారం పట్టించి, ఊరబెట్టి, పొయ్యిలో పెట్టి తలుపు మూసింది.

గొడవ జరిగినప్పట్నుంచి జనం పల్చబడ్డారు. పని తగ్గడంతో కోడలు కూడా ఒక బుట్ట వెల్లుల్లి తెచ్చుకుని అత్త పక్కన కూర్చుంది. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఒలవడం అదే మొదటిసారి. కోడలు ఏవేవో కబుర్లు చెబుతూ ఒలుస్తోంది. పక్కింటావిడ కొత్త మిక్సీ ముచ్చట, అది మొదటిరోజే చేసిన గోల. నిప్పులమ్మ ఊకొడుతోంది. ఇంతలో కోడలు లేచి చీర దులుపుకుంది.

"అప్పుడే ఎక్కడికే?"

"అయిపోయిందత్తా."

"అయిపోవడమేంటి? పొట్టుతో సహా పోసేశావా గిన్నెలో?"

కోడలు నవ్వుతూ గిన్నె వంచి చూపించింది. తెల్లగా, శుభ్రంగా ఉన్నాయి రెబ్బలు. నిప్పులమ్మ తన బుట్టలోకి చూసుకుంది. సగం కూడా తరగలేదు.

"అత్తా, వాసన చూస్తుంటే కోళ్ళు అయినట్టే ఉన్నాయి. తీయనా?"

"నా బుట్ట అవలేదు కదా!"

"ఒక్కటి తీసి చూస్తానత్తా, మిగతావి ఉంచుదాం."

"ఒక్కటే" అంది నిప్పులమ్మ. కోడలు కొక్కెంతో ఒక కోడిని బయటికి లాగి, తొడ దగ్గర కత్తి గుచ్చింది. రసం తేటగా కారింది. దాన్ని పళ్ళెంలో పెట్టి మూత పెట్టింది. మిగిలినవి పొయ్యిలోనే ఉన్నాయి. నిప్పులమ్మ ఒలవడం మొదలుపెట్టింది. ఈసారి ఊకొట్టడానికి కబుర్లు లేవు. తన చేతుల్నే చూసుకుంటూ ఒలిచింది. కుడిచేతి రెండు వేళ్ళు వంగడం లేదు. కణుపులు ఉబ్బి, పొట్టు పట్టు చిక్కక రెబ్బ జారిపోతోంది. జారిన రెబ్బని వెతికి పట్టుకోవాలి, మళ్ళీ గోరు పెట్టాలి. ఒక్కొక్క రెబ్బకి ఇంత పని ఎప్పట్నుంచి పడుతోందో ఆమెకి గుర్తు రాలేదు.

ఆఖరి రెబ్బ పడ్డాక లేచి మిగతా కోళ్ళు తీసింది. ముందు తీసిన దానిలోంచి ఒక ముక్కా, ఇప్పుడు తీసిన దానిలోంచి ఒక ముక్కా చీల్చుకుని, గోడ వైపు తిరిగి తింది. మొదటిది నాలుక మీద కరిగింది. రెండోది కొబ్బరి పీచు.

ఆమె పీట మీద కూలబడింది. సిగ్గేసింది, ఆ వెంటనే భయమేసింది. బుట్ట అదే, పొయ్యి అదే. తన చేతులే అవి కావు.

"ఏంటత్తా, ఒంట్లో బాలేదా?" అంది కోడలు.

"ఈ వేళ్ళు ఇలా అయి ఎన్నాళ్ళయిందే?"

"పోయిన వానాకాలం నుంచీ చూస్తున్నానత్తా. చెబితే కసురుతావని..."

పోయిన వానాకాలం. అంటే ఏడాది కావస్తోంది. ఏడాదిగా చేతులు నెమ్మదిస్తూ ఉంటే, మాంసం మొన్న సోమవారం దాకా చక్కగా ఎలా వచ్చింది? నిప్పులమ్మ లెక్క వేసింది, మళ్ళీ వేసింది. పొంతన కుదరలేదు. మధ్యాహ్నం భోజనాలు అవగానే కొంగు భుజాన వేసుకుని రెండు వీధులూ దాటింది.

కొట్టులో అల్లుడు ఒక్కడే ఉన్నాడు. కొక్కేలకి మాంసం నిండుగా వేలాడుతోంది. సాయంత్రానికి అది అమ్ముడయ్యేది కాదని చూడగానే తెలుస్తోంది. ఆమెని చూసి అతను కత్తి మొద్దులోకి దించాడు.

"ఇంకా ఏమైనా తిట్లు మిగిలాయా అత్తా?"

"తిట్టడానికి రాలేదు నాయనా. ఒక్కటి అడిగి పోతాను. మీ మామ కోసి పంపిన మాంసానికీ, నువ్వు కోసిందానికీ తేడా ఏంటి?"

అల్లుడు ఆమె మొహంలోకి చూశాడు. ఏం కనిపించిందో, గొంతు తగ్గించాడు.

"నాకు మాత్రం తెలుసా? మీరు చెప్పిన సైజుకే కోళ్ళు ఏరాను, అందరికీ కోసినట్టే తొడలు కోశాను. మామయ్య మీ హోటలు వాటా ఎప్పుడూ తనే కట్టేవాడు, నన్ను ముట్టుకోనిచ్చేవాడు కాదు. నిన్న మీ దగ్గర్నుంచి వచ్చాక చెప్పాడు. మీ వాటాకి పెద్ద కోళ్ళు ఏరాలట. తొడ రెండు వేళ్ళు మందంగా, పైన కొవ్వు తియ్యకుండా కోయాలట. తూకం మాత్రం పాతదే రాయాలట. ఎందుకని అడిగితే, 'మొగ్గురా' అన్నాడు. ఇంత మొగ్గు ఎక్కడైనా ఉంటుందా అత్తా? కొట్టు ఏమవ్వాలి?"

నిప్పులమ్మకి ఒక సంగతి గుర్తొచ్చింది. చలికాలంలో ఒకరోజు, "ఈ మధ్య కోళ్ళు బలంగా ఉంటున్నాయన్నా" అని తనే అంది. "మేత మారింది చెల్లెమ్మా" అన్నాడాయన.

వెనక గదిలో తాత మంచం మీద కూర్చుని గంజి తాగుతున్నాడు. ఆమె గడప దగ్గరే నిలబడిపోయింది.

"ఎప్పుడు చూశావన్నా నా చేతులు?"

తాత గిన్నె కింద పెట్టాడు. తప్పించుకోవడానికి చూసి, లాభం లేదని మానుకున్నాడు.

"మాంసం మూట ముడి పళ్ళతో విప్పావు చూడు, ఆ రోజు. కత్తి అడగొచ్చు, కోడల్ని పిలవొచ్చు. చుట్టూ చూసి, ఎవరూ లేరనుకుని పళ్ళతో విప్పావు. నేను గుమ్మం అవతలే ఉన్నాను."

"నాతో చెప్పొచ్చు కదా."

"చెబితే నువ్వు ఊరుకుంటావా? మాంసం ఊరుతుంది గానీ నువ్వు ఊరుకుంటావా?" తాత నవ్వబోయాడు, దగ్గొచ్చింది. "నీ బుట్ట అయ్యేలోపు మాంసం కాలిపోతుంది. నీ చేతుల్ని తొందర పెట్టడం నా వల్ల కాదు. మాంసాన్ని ఆలస్యం చేయడం నా చేతిలో పని. అంతే."

"మరి నిన్న నలుగురిలో అన్ని మాటలన్నానే. అప్పుడైనా ఒక్క మాట..."

"నలుగురిలోనా? అందుకే చెప్పలేదు."

ఆమె గడప మీదే కూర్చుండిపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆమె కళ్ళు తుడుచుకున్నాక తాత, "చల్లగది వాళ్ళ మాంసం బాలేదని బాబుకి చెప్పు. మళ్ళీ నన్నే పిలుస్తాడు, మళ్ళీ అలాగే కోస్తాను. ఎవరికీ తెలియాల్సిన పని లేదు" అన్నాడు.

దారి పొడవునా నిప్పులమ్మ ఆ మాటనే నములుకుంటూ నడిచింది. దారి చూపించిందీ ఆయనే. ఒక్క చిన్న అబద్ధం, అంతే. పొయ్యి తనదిగానే ఉంటుంది, తాత కొట్టు తాతకి దక్కుతుంది. కానీ ముసలి జీవాల్ని అంటగట్టిన మనిషన్న మాట మాత్రం ఆయన మీద అలాగే ఉండిపోతుంది. పైగా తన వేళ్ళు మొద్దుబారిన కొద్దీ ఆయన తొడ మందం పెంచుకుంటూ పోవాలి. రెండు వేళ్ళు మూడవుతాయి, మూడు నాలుగవుతాయి. ఎంతకని?

మర్నాడు పొద్దున పొయ్యి రాజేయకముందే ఓనర్ని పిలిచింది. ఒక్కడినే కాదు. మొన్న టీ తాగుతూ చూసిన ఇద్దరూ మళ్ళీ టీకి వచ్చేదాకా ఆగి మరీ పిలిచింది.

"బాబూ, తప్పింది పొయ్యీ కాదు, మాంసమూ కాదు. నా చేతులు." వాటిని ముందుకి చాపి చూపించింది. ఆ రెండు వేళ్ళూ వంచడానికి ప్రయత్నించింది. వంగలేదు. "ఏడాదిగా ఇవి నెమ్మదించాయి. నా బుట్ట అయ్యేసరికి మాంసం ఎండకుండా ఉండాలని తాత మందంగా కోసి పంపుతూ వచ్చాడు, నాకు కూడా తెలియకుండా. అల్లుడు మామూలుగా కోసేసరికి నా బండారం బయటపడింది. ఆ మనిషిని నేను నోటికొచ్చినట్టు అన్నాను. మీరంతా విన్నారు, ఇది కూడా వినండి."

టీ తాగేవాళ్ళు గ్లాసులు కింద పెట్టారు. ఓనరు చాలాసేపు ఆ వేళ్ళనే చూశాడు. ఆమె చూపు మాత్రం పొయ్యి మీద ఉంది.

"తాతకి నేనే వెళ్ళి చెప్పుకుంటాను పెద్దమ్మా" అన్నాడు చివరికి. నేల చూస్తూ, "రేపట్నుంచి పొయ్యి దగ్గర కోడల్ని కూర్చోనీ. నువ్వు పక్కన ఉండి చూసుకో" అన్నాడు. అతను మెత్తగానే అన్నాడు. అయినా ఆ మాట ఆమెకి గట్టిగా తగిలింది. సరేనని తల ఊపింది.

శనివారం తాత కొట్టు నుంచి గొర్రె తొడలు వచ్చాయి. కోడలు పీట మీద కూర్చుంది, మొహంలో భయం కనబడకుండా పెదవులు బిగించి. నిప్పులమ్మ దూరంగా కిటికీ దగ్గర కొత్తిమీర ఏరుతోంది. పొయ్యి వైపు చూడకూడదని ఒట్టేసుకుంది. బుట్టెడు వెల్లుల్లి అయింది. గంపెడు ఉల్లిపాయలూ అయ్యాయి. కోడలు తలుపు తీసి, తొడలో కత్తి గుచ్చింది. ఎముక దగ్గర ఎర్రగా నెత్తురు నీరు ఊరింది.

"అత్తా, కాల్లేదు!" కోడలు కత్తి పక్కన పడేసింది. "లెక్క ప్రకారమే ఒలిచానత్తా. ఒక్క రెబ్బ కూడా వదల్లేదు. ఇంకాసేపట్లో కార్ఖానా కూస్తుంది."

నిప్పులమ్మ లేచి వచ్చి చూసింది. కోసిన మందానికి తన వేళ్ళు ఆనించింది. రెండు వేళ్ళు ఎక్కువ. కొవ్వు తియ్యలేదు. జ్వరం పూర్తిగా తగ్గకుండానే లేచి కోసుంటాడు. ఓనరు వెళ్ళి మాంసం పంపమన్నాడు గానీ, పీట మారిందని చెప్పడానికి మనసొప్పి ఉండదు.

"నీ తప్పేం లేదే. తలుపు మూసెయ్" అంది. "ఇది నీ చేతులకి కోసిన మాంసం కాదు. నాకోసం కోసింది."

రేపటికని పక్కన ఉంచిన వెల్లుల్లి బుట్ట లాక్కుని పీట మీద కూర్చుంది. కోడలు పక్కకి జరిగి నిలబడింది. కార్ఖానా కూసింది. ముందు గదిలో బల్లలు చప్పుడయ్యాయి. "అయిందా?" అని ఎవరో కేకేశారు. ఓనరు గుమ్మం దాకా వచ్చి, పీట మీద ఆమెని చూసి, వెనక్కి వెళ్ళి జనానికి సర్దిచెప్పాడు. నిప్పులమ్మ ఒలుస్తూనే ఉంది. రెబ్బ జారితే వెతికి పట్టుకుంది. మళ్ళీ గోరు పెట్టింది. తొందరపడలేదు. ఈ మాంసం కోసిన మనిషి తన చేతులకి ఎంతసేపు కావాలో అంతా ఇచ్చే పంపాడు.

బుట్ట సగానికి వచ్చాక చేతులు దులుపుకుంది. "ఇక తియ్యి" అంది.

తొడలు బంగారు రంగులో వచ్చాయి. కత్తి పెడితే రసం తేటగా కారింది. కోడలు మొదటి ముక్క కోసి, ముందు గదికి పంపకుండా అత్త చేతిలో పెట్టింది. నిప్పులమ్మ గోడ వైపు తిరగలేదు. అందరి ముందే నమిలింది, కళ్ళ నీళ్ళు బుగ్గల మీదకి వస్తుంటే తుడుచుకోలేదు.

"బాగుందా అత్తా?"

"బాగుందే. సాయంత్రం నేనే తాత దగ్గరకి వెళ్ళొస్తాను. ఇవాళ ఒక తొడ ఆయనకి ఉంచు" అంది. పీట మీంచి లేచి, దాన్ని కాలితో కోడలి వైపు జరిపింది. "రేపట్నుంచి నీ చేతులకి సరిపడా కోయమని చెప్పాలి."